ఒబామాకేర్ సబ్సిడీ పోతోంది, మీ ఇంట్లో ఏం చేస్తున్నారు? (2025 డిసెంబర్)

ప్లేనో_కిరాణా

నమస్కారం అండీ. మాది టెక్సాస్‌లో చిన్న కిరాణా షాపు. నేనూ మా ఆవిడా ఇద్దరం యాభై ఎనిమిది దాటాం. ఈ ఏడాది ఇద్దరికీ కలిపి ఇన్సూరెన్స్‌కు నెలకు 637 డాలర్లు కట్టాం. జనవరి నుంచి అదే ప్లాన్‌కు 1,940 అని ఉత్తరం వచ్చింది. మా ఆవిడ అది చదివి బిల్లుల డబ్బాలో పెట్టేసింది. రెండు రోజులు నాకు చెప్పలేదు.

ఒబామాకేర్‌లో, ఆఫీసు ఇన్సూరెన్స్ లేనివాళ్ళు మార్కెట్‌ప్లేస్ అనే ప్రభుత్వ సైట్‌లో ప్లాన్ కొనుక్కుంటే ప్రీమియంలో కొంత ప్రభుత్వం కడుతుంది, అదే ఈ సబ్సిడీ. 2021లో కరోనా సమయంలో దాన్ని పెంచారు. మామూలు సిల్వర్ (మధ్యస్థం) ప్లాన్ ప్రీమియం ఎవరికైనా ఆదాయంలో 8.5 శాతం దాటకుండా చూశారు. 2022లో దాన్ని 2025 చివరిదాకా పొడిగించారు. ఇప్పుడు ఆ గడువు అయిపోతోంది. ఈ గొడవ మీదే అక్టోబర్ 1 నుంచి 43 రోజులు గవర్నమెంట్ మూతపడింది. తెరిచారు కానీ సబ్సిడీ సంగతి తేలలేదు. ఇద్దరున్న కుటుంబానికి ఆదాయం 84,600 డాలర్లు దాటితే ఇక పైసా సాయం రాదు. మాది 90 వేల దగ్గర ఉంటుంది.

జనవరి 1 నుంచి కవరేజీ కావాలంటే డిసెంబర్ 15 లోపు ప్లాన్ తీసుకోవాలి. వారమే ఉంది. ఇలాంటిది మీకు వచ్చినప్పుడు ఎలా గట్టెక్కారో చెప్పండి. ఒక ఏడాది ఇన్సూరెన్స్ మానేద్దామా అని కూడా అనిపిస్తోంది.

నేపర్‌విల్_అక్క

అన్నయ్యా, మానేయొద్దు. దయచేసి ఆ ఆలోచన పెట్టుకోకండి.

నాకు 2008లో థైరాయిడ్ కేన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, తగ్గింది. మరుసటి ఏడాది మా ఆయన కంపెనీ మూసేశారు. సొంతంగా ఏదైనా మొదలుపెడదాం అనుకున్నాం. ఇన్సూరెన్స్ కోసం మూడు కంపెనీలకు అప్లికేషన్ పెట్టాం. గతంలో కేన్సర్ వచ్చిందా అని అందులో ఒక గడి ఉంటుంది. అక్కడ 'అవును' అని రాసినందుకు మూడూ తిప్పి పంపాయి. మా ఆయన సొంత వ్యాపారం ఆలోచన మానుకుని, ఇన్సూరెన్స్ ఇచ్చే ఉద్యోగం కోసం రోజుకు మూడు గంటలు కారు నడిపేవాడు. అలా నాలుగేళ్ళు.

2010 మార్చిలో ఒబామాకేర్ బిల్లు ప్రతినిధుల సభలో 219-212తో నెగ్గింది. రిపబ్లికన్లు ఒక్కరూ ఓటు వేయలేదు. పాత జబ్బు ఉందని ఇన్సూరెన్స్ ఇవ్వకపోవడం 2014 జనవరి 1 నుంచి కుదరదు అని అందులో ఉంది. నేను ఆ తేదీని కేలండర్ మీద రాసుకున్నాను. మా ఆయన ఉద్యోగం మానేసింది ఆ నెలలోనే.

2017 జూలైలో దాన్ని రద్దు చేయబోతున్నారని తెలిసినప్పుడు రాత్రి పన్నెండున్నర దాకా టీవీ ముందు కూర్చున్నాను. సెనేటర్ మెకెయిన్ సభలో నిలబడి బొటనవేలు కిందికి చూపించాడు, అంటే రద్దు వద్దని ఓటు. ఆయన రిపబ్లికన్, నేను ఆయన పార్టీకి ఎప్పుడూ ఓటు వేయలేదు. అయినా ఆ రాత్రి ఏడ్చేశాను.

రాలీ_హెచ్1బీ

మా అనుభవం వేరే రకం. 2023లో లేఆఫ్ అయినప్పుడు మా ఆవిడకు ఏడో నెల. వీసా నిలబెట్టుకోవడానికి అరవై రోజులు, ఇన్సూరెన్స్ ఎంచుకోవడానికి అరవై రోజులు, రెండూ ఒకేసారి మొదలయ్యాయి. నిద్ర పట్టేది కాదు, అంత టెన్షన్.

కోబ్రా అంటే పాత ఆఫీసు ప్లానే కొనసాగుతుంది. కాకపోతే కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, పైన రెండు శాతం ఖర్చులు. మాకు నెలకు 2,280 అయింది. మార్కెట్‌ప్లేస్‌లో అంతకంటే తక్కువకు దొరికేది. కానీ ఆ ఏడాది డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేముందు మనం పెట్టుకోవాల్సిన ఖర్చు) అప్పటికే కట్టేశాం, కొత్త ప్లాన్‌కు మారితే మళ్ళీ మొదటి నుంచి. డాక్టర్ కూడా మారాలి. లెక్క వేస్తే కోబ్రానే నయం అయింది. ఇంకొక సంగతి, అరవై రోజుల్లో ఎప్పుడు తీసుకున్నా కోబ్రా ఉద్యోగం ఇన్సూరెన్స్ ఆగిన రోజు నుంచే లెక్కకు వస్తుంది. వెనకటి ప్రీమియం మాత్రం కట్టాలి. ఉద్యోగం పోయినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఉద్యోగానికీ వైద్యానికీ ముడి ఎవరు వేశారా అని అప్పుడు చదివాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జీతాలు పెంచకూడదని ఆంక్ష ఉంటే, కంపెనీలు పనివాళ్ళను నిలుపుకోవడానికి ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టాయట. ఆ తర్వాత దానికి పన్ను మినహాయింపు వచ్చింది. ఎనభై ఏళ్ళ నాటి ఆ ఏర్పాటు కిందే మా బాబు పుట్టాడు.

మా నాన్నకు 2011లో గుంటూరులో ఆరోగ్యశ్రీ కింద గుండె ఆపరేషన్ జరిగింది. తెల్ల రేషన్ కార్డు చూపించాం, అంతే. ఇక్కడ అరవై ఐదు దాటినవాళ్ళకు 1966 నుంచీ మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉంది. మధ్య వయసు వాళ్ళకు అలాంటిది ఎందుకు కుదరదో నాకు అర్థం కాదు.

కొలంబస్_తాత

నా అభిప్రాయం వేరు. అక్క బాధ నాకు అర్థమైంది, పాత జబ్బుల నియమం మంచిదే. మిగతా చట్టం గురించే నా ఆవేదన.

నచ్చిన ప్లాన్ ఉంచుకోవచ్చు అని ఒబామా మాట ఇచ్చారు. 2013 చివర్లో నా ప్లాన్ రద్దయిందని ఉత్తరం వచ్చింది. కొత్తదానికి ప్రీమియం దాదాపు రెట్టింపు. నేను సబ్సిడీ గీతకు కొంచెం పైన ఉన్నాను, ఏమీ రాలేదు. ప్లేనో అన్నకు ఇప్పుడు జరుగుతున్నది నాకు అప్పుడే జరిగింది. అప్పుడు మా గోడు ఎవరూ పట్టించుకోలేదు.

సబ్సిడీ డబ్బు మామూలుగా మన చేతికి రాదు, నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీకి పోతుంది. ఎంఆర్ఐకి హాస్పిటల్ ఎంత వసూలు చేయాలో ఎవరూ ముట్టుకోలేదు. ఖర్చు అలాగే ఉంచి, కట్టేవాడిని మార్చితే భారం తగ్గినట్టు కాదు. ఆ డబ్బేదో మన ఖాతాలో వేస్తే మనమే చూసుకుంటాం కదా.

నైట్‌డ్యూటీ_నర్స్

తాతగారూ, ఖాతాలో వేస్తే చాలదండీ. నేను హ్యూస్టన్ దగ్గర ఎమర్జెన్సీలో పనిచేస్తాను. మేం చూసేది చెప్తాను.

1986 చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళను డబ్బు లేదని తిప్పి పంపకూడదు. అందుకే 'ఇన్సూరెన్స్ లేకపోయినా వైద్యం దొరుకుతుంది కదా' అంటారు. దొరికేది ప్రాణం నిలబెట్టేంత వరకే. గ్యాస్ స్టేషన్‌లో రాత్రి పని చేసే మనిషి ఒకరు వచ్చారు, నలభై దాటి ఉంటాయి, షుగర్, కాలికి పుండు. శుభ్రం చేసి, మందు రాసి పంపాం. మందు కొనుక్కోలేదు. మళ్ళీ వచ్చారు. మూడోసారి వచ్చేసరికి పాదం తీసేయాల్సి వచ్చింది. మొదటి నుంచి నెలకోసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళగలిగి ఉంటే ఆ కాలు మిగిలేది. ఇది నాకు ఎంత కోపం తెప్పిస్తుందో చెప్పలేను.

చట్టంలో అయితే ఇలాంటివాళ్ళందరికీ మెడికెయిడ్, అంటే పేదలకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్, రావాలి. 2012లో సుప్రీంకోర్టు మెడికెయిడ్ విస్తరణ రాష్ట్రాల ఇష్టం అన్నది. మా టెక్సాస్ ఒప్పుకోలేదు. ఇప్పటికీ పది రాష్ట్రాలు ఒప్పుకోలేదు. మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ ఏమో ఒంటరి మనిషికి 15,650 డాలర్ల ఆదాయం దగ్గర మొదలవుతుంది. దానికంటే తక్కువ వస్తే మా టెక్సాస్‌లో అలాంటి పేదవాడికి రెండూ లేవు. ఈ మాట చెప్తే చాలామంది నమ్మరు.

వీసా మీద ఉన్నవాళ్ళు ఇంకొకటి చూసుకోండి. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2027 నుంచి హెచ్1బీ వాళ్ళకు మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ ఉండదు. గ్రీన్ కార్డు వాళ్ళకు ఉంటుంది.

రాలీ_హెచ్1బీ

ఇది నాకు తెలియదు అక్కా. ఈసారి లేఆఫ్ అయితే ఆ దారి కూడా లేదన్నమాట. మా ఆఫీసులో మనవాళ్ళందరికీ చెప్తాను.

కొలంబస్_తాత

ప్లేనో తమ్ముడూ, రాజకీయం పక్కన పెట్టి నీ పని చూద్దాం. నేను ఉద్యోగంలో ఉండగా పన్నుల లెక్కలే చూసేవాణ్ణి.

2026 నుంచి మార్కెట్‌ప్లేస్ బ్రాంజ్ ప్లాన్లన్నిటితో (ప్రీమియం తక్కువ, డిడక్టిబుల్ ఎక్కువ ఉండేవి) హెల్త్ సేవింగ్స్ ఖాతా, అంటే వైద్యం ఖర్చుల కోసం దాచుకునే ఖాతా, తెరవొచ్చు. కుటుంబానికి 8,750 డాలర్లు వేసుకోవచ్చు. ఇద్దరూ 55 దాటారు కాబట్టి చెరో వెయ్యి అదనం, అది ఎవరిది వాళ్ళ పేరున విడి ఖాతాలో. అందులో వేసినంత ఆదాయంలోంచి తీసేస్తారు. ఆ అదనం లేకుండానే 90 వేలు కాస్తా 81 వేల చిల్లరకు దిగుతుంది, 84,600 గీత కింద పడతావు. అప్పుడు సిల్వర్ ప్లాన్‌ను బట్టి లెక్క కడతారు, దానికి నీ వాటా ఆదాయంలో పది శాతం లోపే. బ్రాంజ్ అయితే ఇంకా తగ్గొచ్చు. గీత దాటితే ఏడాదికి దాదాపు 15 వేలు తేడా.

జాగ్రత్త ఒక్కటే. ఏడాది చివర షాపు బాగా నడిచి ఆదాయం గీత దాటితే తీసుకున్న సబ్సిడీ అంతా తిరిగి కట్టాలి. అక్టోబర్‌లో ఒకసారి లెక్క చూసుకో.

ప్లేనో_కిరాణా

తాతగారూ, మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని ఇది రెండుసార్లు చదివాను. బ్రాంజ్ డిడక్టిబుల్ ఎక్కువే, తన మోకాలి ఆపరేషన్ వచ్చే ఏడాదే ఉంది. అయితే ఆ ఖాతా డబ్బుతో అది కట్టొచ్చు కదా. ఇప్పుడు చూపిస్తున్న డాక్టర్ ఆ బ్రాంజ్ ప్లాన్‌లో ఉన్నాడో లేదో రేపు ఉదయం షాపు తెరవకముందే క్లినిక్‌కు ఫోన్ చేసి కనుక్కుంటాను. ఆయన లేకపోతే మళ్ళీ ఇక్కడే అడుగుతాను.