ఆటల మీద తీసిన సినిమా చూసి ఎవరైనా ఆటలోకి వచ్చారా?

గోదారి కుర్రోడు:
మొన్న ఇంటిల్లిపాదీ మళ్లీ 'జెర్సీ' చూశాం. 36 ఏళ్ల అర్జున్ క్రికెట్ జట్టులో తన పేరుందని తెలిశాక రైల్వే స్టేషన్‌కి వెళ్లి, రైలు మోతలో గొంతు చించుకుని అరుస్తాడు చూడండి, అక్కడ మా బావ కళ్లు తుడుచుకున్నాడు. తెల్లారి వాకింగ్‌కి రమ్మంటే దుప్పటి ముసుగేశాడు! ఈ సినిమాలు ఏడిపిస్తాయి, ఈలలేయిస్తాయి, సరే. గ్రౌండ్ దాకా ఎవరినైనా నడిపించాయా?

సున్నం గీత:
జిల్లా పరిషత్ బడిలో పీఈటీని. నడిపిస్తాయి, ఓ వారం. సినిమా వచ్చిన సోమవారం నలభై మంది వస్తారు. పై సోమవారానికి పన్నెండు మంది, అందులో పదిమంది పాతవాళ్లే. 2000లో మల్లీశ్వరి సిడ్నీలో కాంస్యం తెచ్చేనాటికి ఆమెకి స్ఫూర్తినిచ్చిన వెయిట్‌లిఫ్టింగ్ సినిమా ఏదండీ? ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న అనే గురువు ఉన్నాడు, అంతే. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచాక ఇల్లు తాకట్టు పెట్టి మరీ గచ్చిబౌలిలో అకాడమీ కట్టాడు. 2012లో సైనా ఒలింపిక్ కాంస్యం, 2016లో సింధు రజతం అక్కడి చెమటలోంచి వచ్చినవే.

కూతగాడు:
మాస్టారూ, పన్నెండులో పది పోతే మిగిలిన ఇద్దరి సంగతేంటి? నేను ఆ బాపతే. మా ఊళ్లో కబడ్డీ అంటే సంక్రాంతి మూడు రోజుల ముచ్చట. 2003లో 'ఒక్కడు' చూశాక చొక్కా నలగనివ్వని కుర్రాళ్లు కూడా దుమ్ములో దిగి కూతకెళ్లారు. మోకాలు పోయి జిల్లా దాటలేదు కానీ, ఆ నాలుగేళ్లు ఎవడికిస్తాను?

సున్నం గీత:
నాలుగేళ్లు నిన్ను నిలబెట్టిందెవరు నాయనా, మహేష్ బాబా?

కూతగాడు:
మా డ్రిల్లు మాస్టారు. దొరికిపోయాను.

ఇందూరు అక్క:
అందరూ పిల్లల గురించే మాట్లాడుతున్నరు. ఈ సినిమాలు చూడాల్సింది ఇంట్ల పెద్దోళ్లు. మాది నిజామాబాద్. 2022లో నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు మా బిడ్డ బాక్సింగ్ నేర్చుకుంటనన్నది. మా అత్తమ్మ ఒప్పుకోలే. నిఖత్‌ని చూపిస్తే "ఆ పిల్ల వేరు" అన్నది. తర్వాత టీవీల 'దంగల్' వచ్చింది, బిడ్డలకు కుస్తీ నేర్పిన తండ్రి సినిమా. ఊరంతా నవ్వుతుంటే ఆ తండ్రి బిడ్డల జుట్టు కత్తిరిపించిన కాడ అత్తమ్మ కదలకుండ కూసున్నది. తెల్లారి సరే అని నోటితో అనలే. కానీ బిడ్డ నిక్కరు వేసుకుని పోతుంటే చూసి, మల్ల పేపర్ల మొఖం పెట్టింది. నాకు గంతే చాలు.

సున్నం గీత:
అమ్మా, మీ మాట కాదనలేను. ఆడపిల్లని ఆటకి పంపమని అడగడానికి వెళ్లి నేను ఎన్ని గడపల దగ్గర మాటలు పడ్డానో నాకు తెలుసు. కానీ ఆ సినిమా మీదే నాకు కోపం. 2010 ఢిల్లీ కామన్వెల్త్ ఫైనల్ రోజు కోచ్ కుట్ర పన్ని తండ్రిని గదిలో పెట్టి తాళం వేయించినట్టు చూపించారు. అలాంటిది జరగనే లేదు. అసలు కుస్తీ క్రీడాకారిణి గీతా ఫోగట్ ఆ ఫైనల్ తేలిగ్గా గెలిచింది, తెర మీద చివరి క్షణం దాకా సాగదీశారు. సాగదీతకి నాకేం అభ్యంతరం లేదు, సినిమా అన్నాక తప్పదు. కోచ్‌ని దుర్మార్గుణ్ణి చేయాల్సిన అవసరమేమొచ్చింది? ఆ సినిమా చూసి బిడ్డని పంపే తండ్రి, మొదట అనుమానించేది నన్నే కదా!

గోదారి కుర్రోడు:
అసలు మనిషినే తెర మీద పెట్టిన 'అశ్విని' గుర్తుందా? 1991లో పరుగుల క్రీడాకారిణి అశ్విని నాచప్ప తన పాత్ర తనే వేసింది. ఆ పరుగుకి డూప్ అక్కర్లేదు. మళ్లీ అలాంటిది రాలేదెందుకో.

సున్నం గీత:
వచ్చే శనివారం బడికి ప్రొజెక్టర్ వస్తోంది. తల్లుల్ని, నాయనమ్మల్ని కూడా పిలుద్దామనుకుంటున్నా. ఏది వేయమంటారు? 'దంగల్' మాత్రం వేయను.

ఇందూరు అక్క:
గదే వెయ్యుండ్రి సార్. ఆ తాళం వేసే కాడ ఆపి, లేచి నిలబడి అసలు ముచ్చట మీరే చెప్పుండ్రి.