అప్‌డేట్: మందు కొట్టి షూటింగ్ రేంజ్‌కు వచ్చే అన్న సంగతి

కర్నూలులో మేం నడిపే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజ్‌కు తాగొచ్చే పాత మెంబర్‌ను ఎలా ఆపాలని పోయిన వారం అడిగాను కదా. నిన్న మళ్లీ వచ్చాడు. పెల్లెట్ (చిన్న గుండు) పెట్టిన రైఫిల్‌తోనే వెనక్కి తిరిగి ‘ఏమబ్బా, చూస్తివా’ అన్నాడు. గొట్టం నేరుగా పక్క లేన్‌లోని పాప వైపు!

‘స్టాప్’ అని అరిచాను. అందరూ రైఫిళ్లు కింద పెట్టేశారు. ‘అన్నా, టార్గెట్ వైపు తిప్పి కింద పెట్టన్నా’ అని మెల్లగా అన్నాను. లాక్కోలేదు, పెనుగులాటలో ట్రిగ్గర్ నొక్కుకుంటే? పెట్టాడు. ఆ పెల్లెట్‌ను టార్గెట్‌లోకే కాల్చేసి, రైఫిల్ ఖాళీ అని తెలిసేలా గొట్టంలో నారింజ రంగు సేఫ్టీ దారం దూర్చాక గానీ నా చేతుల వణుకు తగ్గలేదు.

బండి తాళం తీసుకుని, కొడుకును పిలిపించి పంపించాం. నెల రోజులు రావద్దన్నాం. మొదటిరోజే మొహమాటపడ్డం నా తప్పే. ఆయనేమో ఫీజు వాపస్ అడుగుతున్నాడు.