అబద్ధమేదో ప్రభుత్వమే తేల్చాలా?

కృష్ణాతీరం:
2023లో కేంద్రం ఐటీ నిబంధనలను సవరించింది. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల మీద పెట్టిన పోస్టు అబద్ధమని ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ విభాగం తేలిస్తే, దాన్ని తీసేయని సోషల్ మీడియా కంపెనీకి, జనం పెట్టే పోస్టులకు తాను బాధ్యురాలు కాదనే చట్టరక్షణ పోయే ప్రమాదం ఉండేది. 2024 సెప్టెంబరులో బాంబే హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. చాలా మంచి పని చేసింది. ఆరోపణ ఎవరి మీదో వాళ్లే తీర్పరులైతే ఇక అడిగేవాడెవడు?

పాలమూరు వాసి:
మరి పుకార్ల సంగతేంటండీ? 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరిగితే మన తెలంగాణలోనే అమాయకుల్ని కొట్టి చంపారు. అలాంటప్పుడు ప్రభుత్వం చేతులు కట్టుకొని కూర్చోవాలా?

కృష్ణాతీరం:
అక్కర్లేదు. కానీ ఈ నిబంధన కేంద్రం సొంత వ్యవహారాలకే. పిల్లల దొంగల పుకారు దీని కిందికే రాదు. పైగా మీ పక్కనున్న గద్వాలనే చూడండి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లలోకి పంపారు. డప్పు కొట్టి, పాటలు పాడి, ఆ పుకారు వీడియోలు నమ్మొద్దని జనానికి నచ్చజెప్పారు. ఎవరి నోరూ మూయించకుండానే పుకారును ఆపగలిగారు.

నిప్పుకణిక:
ఏం మాట్లాడుతున్నారు! ఆ ఫ్యాక్ట్ చెక్ విభాగం ఇప్పటికే వేలమందిని జైలుకు పంపింది.

కృష్ణాతీరం:
ఆధారం చూపించండి. 2024 మార్చి 20న దాన్ని నోటిఫై చేశారు, మర్నాడే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. పైగా ఆ నిబంధనలో జైలు మాటే లేదు. మనవైపు వాళ్లే ఇలా నోటికొచ్చింది రాస్తే, చూశారా, అందుకే అదుపు కావాలంటారు అవతలివాళ్లు. అరెస్టుల గురించే చెప్పాలనుకుంటే, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే జైలుకు పంపే ఐటీ చట్టం 66ఏ సెక్షన్ ఉండేది. 2012లో శివసేన నేత బాల్ ఠాక్రే మరణం తర్వాత జరిగిన బంద్ గురించి మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దర్నీ అరెస్టు చేశారు. 2015లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. అయినా స్టేషన్లలో కేసులు రాస్తూనే ఉంటే, 2022లో మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. అధికారం ఒకసారి చేతికిస్తే వెనక్కి తీసుకోవడం ఇంత కష్టం.

పాలమూరు వాసి:
66ఏ విషయంలో మీతో ఏకీభవిస్తా. కానీ గద్వాలలో చేసినట్టు ప్రతి జిల్లాలో చేయరు కదా. చేయని చోట ఏం చేద్దామో అది కూడా చెప్పండి.