రెండు గొంతులు, ఒక గిటారు సరిపోవా? 1981 సెంట్రల్ పార్క్ కచేరీ మీద పేచీ

శృతిపెట్టె:
2026 సెప్టెంబర్ 19కి అమెరికన్ గాయకుల జంట పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్ న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పాడి 45 ఏళ్ళు. ఆ సందర్భంగా రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా విన్నాను, విన్నాక పాత కోపం మళ్ళీ వచ్చింది. 1970లో విడిపోయిన ఇద్దరు పదకొండేళ్ళకి సొంత ఊళ్ళో, పార్కు బాగోగుల కోసం డబ్బు పోగవ్వాలని ఉచితంగా పాడుతున్నారు, ఐదు లక్షల మంది వచ్చారంటారు. గార్ఫంకెల్ ఏమన్నాడంటే, మనిద్దరం, నీ గిటారు, అంతే చాలు అన్నాడు. సైమన్ కుదరదన్నాడు. పదకొండు మంది వాయిద్యగాళ్ళు వచ్చి వెనక నిలబడ్డారు. డ్రమ్స్, ఎలక్ట్రిక్ పియానో, బాకాలు, అన్నీ. ఆ రెండు గొంతులు ఒకదానికొకటి అతుక్కుని మూడో గొంతులా వినిపిస్తాయి చూడండి, జనం పడిచచ్చింది దానికి. పెళ్ళి ఊరేగింపు మధ్యలో నిలబడి వీణ వినమన్నట్టుంది. నా దృష్టిలో గార్ఫంకెల్ మాటే రైటు. కాదనేవాళ్ళు రండి.

నల్లరికార్డు:
వచ్చాను. మీరు అకౌస్టిక్, అంటే కరెంటు లేని ఒట్టి గిటారు, చాలంటున్నారు గానీ వాళ్ళిద్దరికీ అన్నం పెట్టింది ఎలక్ట్రిక్ గిటారేనండీ. 1964లో మీరు కోరుకుంటున్నట్టే సాదాసీదాగా మొదటి ఆల్బమ్ చేస్తే ఎవరూ కొనలేదు. సైమన్ ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు, గార్ఫంకెల్ చదువులో పడ్డాడు. 1965లో ప్రొడ్యూసర్ టామ్ విల్సన్ వీళ్ళకి ఒక్క మాట కూడా చెప్పకుండా 'ది సౌండ్ ఆఫ్ సైలెన్స్' మీద ఎలక్ట్రిక్ గిటారు, బేస్, డ్రమ్స్ ఎక్కించి వదిలాడు. 1966 జనవరికల్లా అమెరికాలో నంబర్ వన్. అది జరక్కపోతే 1981లో ఆ పార్కుకి పావురాలు తప్ప ఎవరూ వచ్చేవారు కాదు.

శృతిపెట్టె:
రికార్డు వేరు, స్టేజీ వేరు. రికార్డు అంత హిట్టయ్యాక కూడా 1967 జూన్‌లో మాంటెరే పాప్ ఫెస్టివల్ మొదటి రాత్రి చివర్లో ఇద్దరూ ఒక్క గిటారుతోనే పాడారు. రెండు రోజుల తర్వాత రాక్ గిటారిస్టు జిమి హెండ్రిక్స్ తన గిటారు తగలబెట్టాడే, అదే స్టేజీ. అంత రచ్చ జరిగిన చోట ఒక్క గిటారు నిలబడింది కదా, మరి సొంత ఊళ్ళో ఎందుకు నిలబడదు?

మూడోమెట్టు:
అన్నా, ఒక గిటారు వాయించేవాడి మాట కూడా వినండి. సైమన్ వేళ్ళలో కాల్షియం పేరుకుని నొప్పులు, కచేరీ మొత్తం ఒక్కడే లాక్కురాలేనన్నాడు. ఇది సాకు కాదు. మా అపార్ట్‌మెంట్ సంక్రాంతి సంబరాల్లో నేను, మా తమ్ముడు ఎనిమిది పాటలు పాడాం, డాబా మీద, చలిలో. వేళ్ళతో మీటే వాయింపు అంటే బొటనవేలు లావు తీగల మీద లయ ఆపకూడదు, మిగతా మూడు వేళ్ళు సన్న తీగల మీద పాట నడపాలి. ఐదో పాటకి ఎడమచేతి చూపుడువేలు కొంకర్లు పోయింది, చూస్తే తీగ అచ్చు గీతలా లోపలికి దిగి ఉంది. తమ్ముడు వీపు మీద ఒకటి చరిచి "కానియ్యి కానియ్యి" అంటాడు, వాడిదేం పోయింది, వాడు పాడేవాడు! గార్ఫంకెల్ "గిటారు చాలు" అన్నాడంటే నాకు మా తమ్ముడే గుర్తొస్తాడు.

ఇంకోటి, ఆ రోజు సైమన్ సోలో పాటలు కూడా ఉన్నాయి. '50 వేస్ టు లీవ్ యువర్ లవర్' స్టీవ్ గాడ్ డ్రమ్ లేకుండా ఊహించండి చూద్దాం. ఆ పాటకి ముఖమే ఆ డ్రమ్.

బయటి_ఆవరణ:
మన బుర్రకథ ఏమైంది మరి? కథకుడి చేతిలో తంబురా, పక్కన ఇద్దరు వంతలు. మైకుల్లేని రోజుల్లో ఊరంతా తెల్లార్లూ కూర్చుని వినేది. ఆర్కెస్ట్రా ఎవడు పెట్టాడు?

నల్లరికార్డు:
వంతల చేతుల్లో డక్కీలు ఉంటాయండీ. అవి వాయించే పని డ్రమ్స్ పనే. మీరు నా పార్టీలోకే వచ్చారు, స్వాగతం 😀

బయటి_ఆవరణ:
సరే, దొరికిపోయాను.

ఎడిసన్_అక్క:
బ్యాండు గొడవ అంతా పైపైదని నాకనిపిస్తుంది. అసలు పేచీ పాట ఎవరిది అన్న దగ్గర. రాసేది సైమన్, చప్పట్లు గార్ఫంకెల్‌కి. 'బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్' రాసిచ్చి నువ్వు పాడు అన్నది సైమనే, తర్వాత ఆ చప్పట్లు వింటూ స్టేజీ పక్కన నిలబడాల్సి వచ్చిందీ సైమనే. సెంట్రల్ పార్క్ అయ్యాక ఇద్దరూ కలిసి ఆల్బమ్ మొదలుపెడితే 1983లో గార్ఫంకెల్ పాడిన భాగాలన్నీ తీసేసి సైమన్ తన ఒక్కడి పేరుతో 'హార్ట్స్ అండ్ బోన్స్' విడుదల చేశాడు. బ్యాండు తెచ్చుకోవడం కూడా అందులో భాగమే, నలుగురు మనవాళ్ళు వెనక ఉంటే ధైర్యం.

మనకీ తెలిసిన కథే కదా. బాలుగారి 50 ఏళ్ళ కచేరీల యాత్ర అమెరికాలో నడుస్తుండగా 2017లో ఇళయరాజా గారి దగ్గర్నుంచి లాయర్ నోటీసు వచ్చింది, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని. ఆ వారం ఇక్కడ ఏ ఇంట్లో భోజనానికి కూర్చున్నా అదే వాదన. మా ఆయన రాజా పక్షం, నేను బాలు పక్షం, పప్పు చల్లారిపోయింది. తర్వాత 2019లో ఇద్దరూ మళ్ళీ ఒకే స్టేజీ ఎక్కారు, మా ఇంట్లో మాత్రం రాజీ ఇంకా కుదరలేదు.

మూడోమెట్టు:
అక్కా, అది హక్కుల గొడవ, ఇది వెనక ఏ వాయిద్యాలు ఉండాలన్న గొడవ. రెండూ కలపొద్దు.

ఎడిసన్_అక్క:
కలుస్తాయి తమ్ముడూ. వయసు సంగతి కూడా కలుస్తుంది. 2009 అక్టోబరులో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ పాతికేళ్ళ కచేరీకి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇద్దరూ పాడారు, ఇద్దరికీ అటూ ఇటూగా 68. 2010 ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్‌లో గార్ఫంకెల్ గొంతు అందరి ముందూ మొరాయించింది, స్వరతంతువులకి జబ్బు, తర్వాతి టూరే రద్దయింది. ఆ రోజు బ్యాండు లేకుండా రెండు గొంతులే ఉంటే ఆయన ఎక్కడ దాక్కునేవాడు? శృతిపెట్టె గారు అడుగుతున్నది కుర్రాళ్ళని అడగాల్సిన మాట. ముసలి గొంతుకి వెనక ఏదో ఒక ఆసరా కావాలి.

శృతిపెట్టె:
2010 సంగతికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. వేళ్ళ సంగతి కూడా. కానీ 1981లో వాళ్ళకి నలభై కూడా నిండలేదండీ, అప్పుడే ముసలివాళ్ళని చేసేస్తే ఎలా?

ఒక్క పని చేయండి అందరూ. ఆ రోజు చివర్లో 'ది సౌండ్ ఆఫ్ సైలెన్స్' వినండి. నల్లరికార్డు గారు ఎలక్ట్రిక్‌తోనే బతికిందన్న ఆ పాటే. ఆ స్టేజీ వెనక న్యూయార్క్ మేడల పైకప్పులు, నీళ్ళ ట్యాంకు సెట్టు వేశారు గుర్తుందా, దాని ముందు డ్రమ్స్ ఆగిపోయి, బాకాలు ఆగిపోయి ఇద్దరే ఉంటారు, ఒక్క గిటారు. పదివేల మంది అన్న మాట పాటలో రాగానే పార్కు పార్కంతా అరుస్తుంది. వాళ్ళిద్దరూ ఆ అరుపు తగ్గేదాకా ఆగరు, గొంతు పెంచరు, అలాగే పాడుకుంటూ పోతారు.

నల్లరికార్డు:
ఇప్పుడే విన్నాను. ఆ ఒక్క పాట వరకు మీదే. ముందున్న గంటకి పైగా నాది.

మూడోమెట్టు:
గంటన్నర బ్యాండు వాయించింది కాబట్టే చివరికి ఆయన వేళ్ళు మిగిలాయి అన్నా 🙏 తమ్ముడికి ఈ చర్చ పంపిస్తున్నా.