మాగ్నెట్ తేలుతోంది, మీటర్‌లో సున్నా మాత్రం రావట్లేదు

ప్రశ్న (బీఎస్సీ ఫైనలియర్):
అందరికీ నమస్కారం. మా ఫిజిక్స్ ప్రాజెక్టు వైబీసీఓ (బాగా చల్లబరిస్తే రెసిస్టెన్స్ సున్నా అయ్యే సూపర్‌కండక్టర్) బిళ్ళ రెసిస్టెన్స్ కొలవడం. బిళ్ళకి వెండి పెయింటుతో నాలుగు తీగలు అంటించాం. బయటి రెండింటికి ఎల్‌ఎం317 రెగ్యులేటర్ చిప్‌తో కరెంటు ఇస్తున్నాం, 12 ఓమ్‌లు పెడితే 104 మిల్లీఆంపులు వస్తోంది. లోపలి రెండూ ఏడీ620 ఆంప్లిఫైయర్ చిప్‌కి వెళ్తాయి, గెయిన్ 1000 (అంటే వోల్టేజ్‌ని వెయ్యి రెట్లు పెంచుతుంది), రెండు 9 వోల్టుల బ్యాటరీలు. లిక్విడ్ నైట్రోజన్ సంగతి చెప్తే నవ్వుతారు: మా మావయ్య గోపాలమిత్ర, ఎద్దు వీర్యం దాచే క్యాన్ నింపుకునే చోట అడిగి రెండు లీటర్లు ఇప్పించాడు.

బిళ్ళ మీద మాగ్నెట్ చక్కగా తేలింది. ఔట్‌పుట్ మాత్రం 60 మిల్లీవోల్టుల దగ్గర ఆగిపోయింది. అన్ని రీడింగుల్లోంచీ 60 తీసేసి గ్రాఫ్ గీసేద్దాం అంటున్నాడు మా బ్యాచ్‌లో ఒకడు. నాకు మనసొప్పట్లేదు. బుధవారం వైవా, టెన్షన్‌గా ఉంది.

సోల్డర్ బాబాయ్:
తమ్ముడూ, ముందు కరెంటు ఆపి చూడు. అప్పుడూ 60 ఉంటే అది బిళ్ళది కాదు. గెయిన్ తీసేస్తే అది 60 మైక్రోవోల్టులే కదా. కొంత ఏడీ620 ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ ఏమీ లేకున్నా చిప్ చూపే వోల్టేజ్), కొంత తీగలది. ఒక చివర 77 కెల్విన్‌లో, ఇంకో చివర బల్ల మీద, మధ్యలో రాగికీ టంకానికీ అతుకులు. అక్కడ పుట్టే వోల్టేజ్ చల్లదనంతో పాటు మారుతుంది. అందుకే ఒకే అంకె తీసేస్తే కుదరదు.

కరెంటు తీగల్లో, కరెంటు దిశ తిరగేసేలా, ఒక డీపీడీటీ స్విచ్ పెట్టు. అటు ఒక రీడింగ్, ఇటు ఒక రీడింగ్, తేడాలో సగం. కరెంటు తిరగేస్తే బిళ్ళ వోల్టేజ్ గుర్తు మారుతుంది, మిగతా చెత్త మారదు. ఈ స్విచ్ సంగతి తెలియక నేను రెండు వారాలు వెండి పెయింటు గీకి మళ్ళీ మళ్ళీ పూశాను.

ఎంఎస్సీ అక్క:
ఒక్క మాట. కరెంటు సోర్సు వేరే అడాప్టర్ మీద ఉందా? ఉంటే లోపలి తీగల్లో ఒకదాన్ని 10 కిలోఓమ్‌లతో ఆంప్లిఫైయర్ గ్రౌండుకి కలుపు. లేకపోతే ఇన్‌పుట్‌లు గాల్లో ఉన్నట్టే, రీడింగ్ ఎటు పోతుందో చెప్పలేం.

బీఎస్సీ ఫైనలియర్:
స్విచ్ పెట్టాం అన్నా. అక్కా, గ్రౌండు ముందే కలిపి ఉంది. గది వేడిలో ఒక వైపు +331 మిల్లీవోల్టులు, ఇంకో వైపు −255. తేడాలో సగం 293, అంటే సుమారు 2.8 మిల్లీఓమ్‌లు. నైట్రోజన్‌లో అటూ 60, ఇటూ 60! గదిలో చెత్త 38 మాత్రమే, అంటే మావాడి 60 తీసేసి ఉంటే గది రీడింగే తప్పయ్యేది.

ఇంకో చిక్కు. రెసిస్టెన్స్ చల్లబడేటప్పుడు 101 కెల్విన్ దగ్గర పడిపోతోంది, వేడెక్కేటప్పుడు 87 దగ్గర లేస్తోంది. వైబీసీఓ సూపర్‌కండక్టర్‌గా మారేది 92 దగ్గర, అదే రావాలి కదా?

సోల్డర్ బాబాయ్:
టెంపరేచర్ డయోడ్ ఎక్కడ అంటించావు?

బీఎస్సీ ఫైనలియర్:
థర్మాకోల్ డబ్బా గోడకి…

సోల్డర్ బాబాయ్:
అయితే నువ్వు కొలిచింది గోడని. ఒక రాగి రేకు మీద బిళ్ళనీ డయోడ్‌నీ పక్కపక్కనే పెట్టు. నైట్రోజన్ అంతా ఆవిరయ్యాక మూత తీయకుండా వదిలేసి, మెల్లగా వేడెక్కేటప్పుడు రీడింగులు రాసుకో.