ఆపరేషన్ కుట్ల మీద బుడిపె: ఇప్పుడే తీయించాలా, ఆగాలా?

పరకాల అమ్మ:
మా బాబుకు మూత్రం రంధ్రం కొనకు కాకుండా కింది పక్క ఉండె. హైపోస్పేడియాస్ అన్నరు. 18 నెలలకు ఆపరేషన్ అయింది, ధార మంచిగ వస్తున్నది. ఇప్పుడు రెండున్నరేండ్లు. కుట్ల గీత మీద శనగగింజంత తెల్ల బుడిపె లేచింది. నొప్పి లేదు. మా ఆయన ఇప్పుడే తీయిద్దామంటడు, అత్తమ్మ ఆగుమంటది. మీరేమంటరు?

నర్సంపేట నాన్న:
తీయించుడే మంచిది చెల్లె. బుడిపె లోపల సంచి ఉంటది, అది ఉన్నన్ని రోజులు పెరగొచ్చు. చీము పట్టిందంటే పిలగాడు తట్టుకోడు, చేసిన ఆపరేషన్ కూడా పాడైతది.

హన్మకొండ సిస్టర్, పిల్లల సర్జరీ వార్డు:
నేను తొందర వద్దంటాను. కుట్లేసినచోట పైచర్మం కొంచెం లోపలికి మడతపడి ఉండిపోతుంది. అక్కడ కూడా అది కెరటిన్ (చర్మం పైపొరలో, గోళ్లలో ఉండే గట్టి పదార్థం) విడుస్తూనే ఉంటుంది, బయటికి దారి లేక సంచిలో పేరుకుంటుంది. క్యాన్సర్ కాదు. సున్తీ తర్వాత కూడా నెలలకో ఏళ్లకో వస్తుంది. ఇంత చిన్న పిల్లవాడికి తీయాలంటే పూర్తి మత్తు ఇవ్వాలి. 3 ఏళ్లలోపు పిల్లలకు 3 గంటలు దాటిన మత్తు, పదేపదే ఇచ్చే మత్తు వల్ల మెదడు ఎదుగుదల మీద ప్రభావం పడొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే హెచ్చరించింది.

నర్సంపేట నాన్న:
సిస్టర్, ఇది 3 గంటల పనా? తల్లిని భయపెట్టకండి.

హన్మకొండ సిస్టర్:
కాదన్నా, చిన్న పనే. గంటలోపు మత్తు తీసుకున్న పసిపిల్లల తెలివికి 5 ఏళ్ల వయసులో తేడా ఏమీ రాలేదని 2019లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. అయినా నొప్పి లేని బుడిపె కోసం రెండోసారి మత్తు ఇప్పుడే ఎందుకు? ఎర్రబడినా, నొప్పి పెట్టినా, పెరుగుతున్నా, ధార వంకరపోయినా అప్పుడు ఆగొద్దు. మూత్రం పోసేటప్పుడు ఉబ్బినా, కింది నుంచి చుక్కలు కారినా అది మూత్రనాళం సంగతి, సర్జన్ వెంటనే చూడాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ సూదితో గుచ్చి పిండుతానంటే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. సంచి గోడ మిగిలితే మళ్లీ నిండుతుంది. ఎప్పుడు తీసినా మొత్తం సంచి రావాలి.

నర్సంపేట నాన్న:
గుచ్చొద్దన్నది నిజం. కానీ బడికి పోకముందే అయిపోవాలె. పెద్దగైనంక పిలగానికి సిగ్గు, కోత కూడా పెద్దది.

పరకాల అమ్మ:
ఆర్‌ఎంపీ పిండుతానన్నడు, వద్దన్న. మూత్రం పోసేటప్పుడు ఉబ్బుతున్నదా అని ఇయ్యాల చూస్త. సోమవారం ఆపరేషన్ చేసిన సారు దగ్గరికి పోతున్నం. బడి వయసు దాకా ఆగొచ్చా అని ఆయన్నే అడుగుత.