‘ప్రాసెసర్ అప్‌గ్రేడ్ అయింది’ అంటే ఏం మారినట్టు?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. ప్రశ్న భాష గురించే. కాకపోతే నా జేబులోంచి నాలుగు వేలు పోయాక పుట్టింది.

నేను హన్మకొండలో ఉంటాను. ఆదివారం చర్చిలో, ముహూర్తాలున్నప్పుడు పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాను. గిటార్‌కీ స్పీకర్‌కీ మధ్య కాళ్ల దగ్గర ఒక డబ్బా పెట్టుకుంటాం. తీగ మోత దాంట్లోంచి వెళ్తే ప్రతిధ్వని కావాలన్నా, గరగర కావాలన్నా, పాతకాలం వాల్వుల ఆంప్ (ఆంప్లిఫయర్) గొంతు కావాలన్నా వస్తుంది. ఈ డబ్బాను మేమంతా ‘ప్రాసెసర్’ అనే అంటాం. “ప్రాసెసర్ తెచ్చినవా?”, “ప్రాసెసర్ మీద కాలు పెట్టకు”, ఇట్లా.

మొన్న ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి కొన్నాను. “ప్రాసెసర్ అప్‌గ్రేడ్ అయింది తమ్మీ, అందుకే నాలుగు వేలు ఎక్కువ” అన్నాడు. లోపల కొత్త చిప్పు వేయించాడనుకున్నాను. ఇంటికి తెచ్చి చూస్తే కంపెనీ ఉచితంగా ఇచ్చే కొత్త సాఫ్ట్‌వేర్ తప్ప ఏమీ లేదు. ఫోన్ చేస్తే ఆయన తొణకలేదు. “నువ్వు దీన్ని ఏమంటవు? ప్రాసెసరే కదా? అది అప్‌గ్రేడ్ అయిందా, కాలేదా?” అని నన్నే అడిగాడు.

ఆ వాక్యంలో తప్పు పట్టలేకపోయాను. అబద్ధం ఏ మాటలో దాక్కుంది?

కాజీపేట, రిటైరైన తెలుగు సార్:

బాబూ, ఇది కొత్త జబ్బు కాదు. మన వాళ్లు దీన్ని లక్షణ అన్నారు. గంగలో గొల్లపల్లె ఉంది అంటే నీళ్లలో కాదు, గట్టున అని అర్థం చేసుకుంటాం. అట్లాగే లోపలి వస్తువు పేరు పై వస్తువుకు పెట్టేస్తాం. “రాత్రి పొలం పోతే బ్యాటరీ పట్టుకపో” అంటే టార్చిలైటు. అదే నోటితో “బ్యాటరీలు అయిపోయినయ్” అంటే లోపలి సెల్లులు. “మోటరు పెట్టించిన” అన్నప్పుడు పంపు, పైపులు, స్టార్టరు అన్నీ అందులోవే. “మోటరు కాలింది” అనేసరికి అర్థం వైండింగ్ దగ్గరికి వచ్చి ఆగుతుంది. వినేవాడికి సందర్భం తెలుసు కాబట్టి ఎవరూ కొట్టుకోరు.

నీకు అమ్మినాయన మాత్రం డబ్బాకీ చిప్పుకీ మధ్య గోడ మీద పిల్లిలా కూర్చున్నాడు. నువ్వు ఏ పక్క చూస్తే ఆ పక్కకు దూకాడు.

ఒక సభ్యుడు, హైదరాబాద్:

అసలు ఇంగ్లిష్ మాట వాడటం వల్లే కదా ఈ అయోమయం? ప్రాసెసర్‌ను ‘సంసాధకం’ అనొచ్చు.

నా జవాబు:

సార్, పెళ్లి పందిట్లో “సంసాధకం ఆన్ చెయ్ అన్నా” అంటే సౌండ్ అన్న పంతులుగారిని పిలుచుకొస్తాడు. పైగా ఆ మాట పెట్టుకున్నా చిక్కు తీరదు. సంసాధకం అంటే డబ్బానా, చిప్పునా అని మళ్లీ అడగాలి.

కరీంనగర్, ఆంప్‌లు బాగుచేసే టెక్నీషియన్:

నేను రోజూ ఇవి విప్పేవాడిని. నాలుగు మాటలు చెప్తా.

లోపల ఉండే చిప్పును డీఎస్‌పీ అంటాం, అంటే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్. మొదటిసారి మా షాపులో “దీని డీఎస్‌పీ పోయింది” అంటే కస్టమరు ఒకాయన “ఏ మండలంల?” అన్నడు. ఆయన కొడుకేమో “దేవిశ్రీ ప్రసాదా?” అన్నడు. మనకు ఈ మూడు అక్షరాలు పోలీసు ఆఫీసరుకూ సంగీత దర్శకుడికీ చెల్లిపోయినయ్, చిప్పుకు మిగల్లేదు. ఇంకోటి, చాలా డబ్బాల్లో ఉండే చిప్పు పేరు షార్క్. అది సొరచేప కాదు, ‘సూపర్ హార్వర్డ్ ఆర్కిటెక్చర్’ అనే మాటల ముక్కలు కలిపి కట్టిన పేరు.

ఈ చిప్పు చేసే పని కూలి లెక్క లాంటిది. హెలిక్స్ అనే డబ్బా 2015లో వచ్చింది, అందులో 450 మెగాహెర్ట్జ్ షార్క్‌లు రెండు. గిటార్ మోతను సెకనుకు 48,000 ముక్కలు చేసుకుంటుంది. అంటే ఒక్కో ముక్కకు దొరికే టైము సుమారు 20.8 మైక్రోసెకన్లు. 450 మెగాహెర్ట్జ్ అంటే చిప్పు లెక్కలో సెకనుకు 45 కోట్ల అడుగులు వేస్తది, కాబట్టి ఆ టైములో ఒక చిప్పుకు 9,375 అడుగులు పడతయ్. ఆంప్ లెక్క, ప్రతిధ్వని లెక్క, స్పీకర్ పెట్టె (క్యాబినెట్) లెక్క అన్నీ ఆ అడుగుల్లోనే తెమలాలి. తెమలకపోతే మోత తెగుతది. అందుకే డబ్బా ముందే “ఇంక పట్టదు” అని ఆపేస్తది.

నేను:

అన్నా, అయితే చిప్పు వేగం పెరిగితే గొంతు బాగవుతుందా? మా వాళ్లంతా అదే అనుకుంటారు.

టెక్నీషియన్:

అదే లెక్క నడిస్తే అదే గొంతు వస్తది తమ్మీ. అడుగులు ఎక్కువ ఉంటే ఒకేసారి ఎక్కువ ఎఫెక్టులు పెట్టుకోవచ్చు, లేదా కంపెనీ వాళ్లు ఇంకా బరువైన లెక్క రాసుకోవచ్చు. 2022లో యాక్స్ ఎఫ్ఎక్స్ 3 అనే ఇంకో డబ్బాలో టర్బో మోడల్ వచ్చింది. చిప్పు వేగం 25 శాతం పెంచిన్రు. గొంతు మాత్రం పాతదే, జాగా ఎక్కువైంది.

దీనికి ఉల్టా కథ వినుర్రి. హెచ్ఎక్స్ స్టాంప్ అనే చిన్న డబ్బాలో మొదట్లో ఆరు బ్లాకులే (ఒక్కో ఆంప్, ఒక్కో ఎఫెక్టు ఒక్కో బ్లాకు) పెట్టుకోనిచ్చేది. 2020లో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినంక ఎనిమిది అయినయ్. లోపల చిప్పు అదే, ఒక్క స్క్రూ విప్పలేదు. కాబట్టి మీకు అమ్మినాయన మాట మొత్తం బోగస్ అని నేను అనను. సాఫ్ట్‌వేర్‌తో కూడా డబ్బా పెరుగుతది. ఉచితంగా వచ్చేదానికి నాలుగు వేలు తీసుకున్నడు, అది వేరే ముచ్చట.

చిప్పు మార్చుడు మాత్రం మర్చిపోండి. అది బోర్డుకు అతికించి ఉంటది, కంప్యూటర్లో ర్యామ్ లెక్క పీకి పెట్టేది కాదు. కంపెనీ చిప్పు మార్చాలనుకుంటే కొత్త మోడలే దింపుతది. మీరు అనుకున్న అర్థంలో ప్రాసెసర్ అప్‌గ్రేడ్ కావాలంటే కొత్త డబ్బా కొనుడే.

తెలుగు సార్:

టెక్నీషియన్ గారు తెలియకుండానే నా పని చేసిపెట్టారు. ఆయన వాడిన క్రియలు చూడండి. చిప్పును ‘మార్చుడు’, వేగం ‘పెంచిన్రు’, కొత్త మోడల్ ‘దింపుతది’. సాఫ్ట్‌వేర్‌కు మన వాళ్లందరూ వాడేది ‘ఎక్కించు’. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తారు, లారీకి బస్తాలు ఎక్కిస్తారు. ఉన్నదాని మీదికో లోపలికో ఇంకోటి చేరుతుంది, ఉన్నది పోదు. మార్చడంలో పాతది బయటికి వస్తుంది. ఏ సందర్భానికి ఏ క్రియో మనకు ఎవరూ నేర్పకుండానే తెలుసు.

నామవాచకాన్ని ఎక్కణ్ణుంచైనా అప్పు తెచ్చుకోండి, ప్రాసెసర్ అనండి, డబ్బా అనండి, నాకేం పట్టింపు లేదు. ఈ కేసులో నేరం ‘అప్‌గ్రేడ్ అయింది’ దగ్గర ఉంది. మార్చు, పెంచు, ఎక్కించు మూడింటినీ ఆ ఒక్క మాట మింగేసింది. పైన ‘అయింది’ ఒకటి. ఎవరు చేశారో చెప్పదు, దేన్ని చేశారో చెప్పదు. మా ఇంట్లో గాజు గ్లాసు కూడా ఎప్పుడూ ఎవరూ పగలగొట్టరు, అదే ‘పగిలింది’.

అప్పుడే “ఏం మార్చినవ్? ఏం ఎక్కించినవ్?” అని అడిగి ఉంటే ఆయన నోరు మెదపలేకపోయేవాడు.

నేను, నాలుగు రోజుల తర్వాత:

సార్ చెప్పిన పద్ధతిలోనే ఆ డబ్బాను మళ్లీ అమ్మకానికి పెట్టాను. ప్రకటన ఇలా రాశాను: “డబ్బా పాతది. లోపలి చిప్పు పాతది, ఎవరూ మార్చలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాను, దానికి డబ్బులు అడగడం లేదు.” మా తమ్ముడు ‘చిప్పు పాతది’ చదివి, ఇట్లా రాస్తే నీ చేతికి చిప్పే మిగులుతుంది అన్నాడు.

సాయంత్రం జనగామ నుంచి ఒక పిల్లగాడు ఫోన్ చేశాడు. ప్రకటన మొత్తం చదివానన్నాడు.

“అన్నా, ప్రాసెసర్ ఉన్నదా, అమ్ముడుపోయిందా?”